ఆపద్ధనము ఎవరిది?

అమెరికా దేశపు ఈశాన్యకోణమున మెయిన్ అను రాష్ట్రము కలదు. దాని నేలలో నూటికి తొంబది పాళ్లకు దగ్గరగా అడవియే. అందలి పోర్ట్‌లండ్ పట్టణమున కాపురమున్న తెలుగు దంపతులను చూడవచ్చిన వియ్యంకులిరువురు ఒక శరత్కాలపు ఉదయమున, ఆకులు ఎఱ్ఱవారిన అడవుల నడుమ రేంజ్‌లీ సరస్సులను చూచుటకై కారులో బయలుదేరగా, ఆ కుటుంబమునకు చిరకాలమిత్రుడనైన నేనును వారితో నుంటిని. ఆ యిరువురిలో ఒకరు ఖజానాశాఖలో జీవితమంతయు గడపి విశ్రాంతి గైకొన్న యధికారి. మఱియొకరు రాజమహేంద్రవరమున నలుబదియేండ్లు కలప అడితి నడపిన వర్తకుడు. ఆండ్రోస్కోగిన్ నదీతీరమందలి జే అను ఊరిలో టీ త్రాగుటకు మేము దిగినప్పుడు, దుంగలతో నిండిన లారీ యొకటి మమ్ము దాటి పోయినది. ఆ లారీ కనుమఱుగగు వఱకు వర్తకుడు దానివంకనే చూచుచుండెను. అంతట మొదలైన సంభాషణము సాయంకాలము వఱకు సాగినది. నాకు జ్ఞాపకమున్నంతవఱకు దానినిచట వ్రాయుచున్నాను.

కలపవర్తకుడు: బావగారూ, ఈ యూరి కథ మీరెఱుగుదురా? ఇచ్చట గొప్ప కాగితపు మిల్లు ఉండెడిది. 2020వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ మధ్యాహ్నవేళ, చెక్కతునకలను ఉడికించి గుజ్జుచేయు మహాపాత్ర పగిలి, ఆ గుజ్జు ఆకాశమున కెగసినది. దైవానుగ్రహమున ఒక్క ప్రాణమైనను పోలేదు గాని, మిల్లు మాత్రము మఱి కోలుకొనలేదు. 2023 మార్చిలో దానిని మూసివేసిరి. ఆ మిల్లును నమ్ముకొని అడవిలో రంపము పట్టినవారిని, దుంగలు తోలినవారిని తలచుకొనుచు ఆ లారీని చూచుచుంటిని. ప్రేలుడు జరిగిన ఆ నెలలోనే మహమ్మారి భయమున కార్యాలయములును పాఠశాలలును మూతపడియుండగా, అచ్చుకాగితమునకు గిరాకి పడిపోయినది; మిన్నెసోటాలోని డులూత్‌లోను, విస్కాన్సిన్ ర్యాపిడ్స్‌లోను పెద్ద కాగితపు మిల్లులు ఆ వేసవిలోనే నిలిచిపోయినవి. ఆ కష్టమును గుర్తించి ఈ దేశపు శాసనసభ 2020 డిసెంబరు నెలాఖరున కోతవారికిని కలపరవాణావారికిని 20 కోట్ల డాలర్లు కేటాయించినది. ఒక ప్రభుత్వము అడవిలోని గుత్తదారును కూడ ఆపన్నుడని తలచుట నాకెంతో సంతోషము కలిగించినది. మీరేమందురు?

ఖజానాధికారి: నేను దానిని అధర్మమనను, బావగారూ, క్రమము తప్పిన పని యందును. ఖజానాలో కూర్చుండువానికి దయయొక్కటే చాలదు. ప్రజలధనము పెట్టె దాటునప్పుడు ఎందులకు, ఎవరికి, ఎంత, ఎంతకాలము అను నాలుగు ప్రశ్నలకు సమాధానము కావలెను. మొదటి ప్రశ్ననే చూతము. వర్తకమన్నచో లాభనష్టములు రెండును కలవు. గిరాకి పెరిగిన యేట ఖజానాకు వాటా పంచనివాడు గిరాకి తగ్గిన యేట ఖజానాను చేయిచాచి యడుగుట యెట్లు న్యాయము? అదియునుగాక, 2021 మే నెలలో ఈ దేశమున కోసిన కలప ధర వేయి బోర్డు అడుగులకు 1,600 డాలర్లు దాటినది; మహమ్మారికి ముందున్న ధరకు అది నాలుగింతలు. ఇండ్లు కట్టువారు కలప దొరకక కంటతడి పెట్టుచుండగా, కలపవారికే సాయమన్న వినువారికి వింతగా నుండదా?

కలపవర్తకుడు: వినువారికి వింతయే; అడవిలో నున్నవానికి కాదు. కలప యన్నది ఒక్క వస్తువు కాదు, బావగారూ. లావుపాటి దుంగ కోతమిల్లునకు పోవును. సన్నదియు వంకరదియు గుజ్జుమిల్లునకు పోవును. ఒకే చెట్టులో మొదలు ఒక మిల్లుది, కొస వేఱొక మిల్లుది. కోతమిల్లు పలకల ధర ఆకాశమంటినప్పుడు ఆ లాభము మిల్లు గడప దాటి అడవికి రాలేదు. కోతవానికి టన్నుకింతయని ముందుగా కుదుర్చుకొన్న కూలియే గాని పలక ధరలో వాటా లేదు. ఇక కొస కలపను కొనువాడు లేకపోయిన, మొదలు నఱకుటయు గిట్టుబాటు కాదు. మిల్లువాడు ఈ వారము మీవి పది లారీలు చాలునని కబురు పంపిన, పదునొకండవ లారీ ఇంటివద్ద నిలువవలసినదే. ధర నిర్ణయించుటలో గాని, సరకు మోతాదు నిర్ణయించుటలో గాని మాట చెల్లనివానికి, లాభనష్టములు వర్తకధర్మమని బోధించుట సులభము. ఇంకొకటి వినుడు. అదే మహమ్మారి సంవత్సరమున ఈ ప్రభుత్వము రైతులకు 1,600 కోట్ల డాలర్లు నేరుగా పంచ నిశ్చయించినది; మత్స్యకారులకు 30 కోట్ల డాలర్లు కేటాయించినది. నేలను దున్నువాడును, నీటిలో వల వేయువాడును ఆపన్నులైనప్పుడు, ఆ నడుమ అడవిలో నున్నవాడు మాత్రము పరాయివాడెట్లగును?

ఖజానాధికారి: పోలిక బాగుగనే యున్నది. కాని చిన్న వ్యాపారములన్నిటికి, ఉద్యోగులను నిలుపుకొనుటకై, తీర్చనక్కఱలేని ఋణములను ఈ ప్రభుత్వము 2020 వసంతమునందే యిచ్చినది గదా. ఒక చేతితో పుచ్చుకొన్నవాడు రెండవచేతిని గూడ చాచినట్లు కాలేదా?

కలపవర్తకుడు: ఆ ఋణము జీతముల లెక్కపై ఆధారపడినది. అడవిపనిలో జీతములకన్న యంత్రములే అధికము. చెట్టును పట్టి నఱికి పేర్చు యంత్రమొకటి, దానిని ఈడ్చుకొనివచ్చు యంత్రమొకటి, కొమ్మలు నఱకి కొలతకు కోయునది వేఱొకటి, ఆపైన లారీలు. ఒక్కొక్కటియు లక్షల డాలర్లది, అన్నియు వాయిదాలపై తెచ్చినవే. యంత్రము పనిచేసినను చేయకున్నను బ్యాంకు వాయిదా పనిచేయుచునే యుండును. మీరు ఖజానాలో చూడని దృశ్యమును నేను రాజమహేంద్రవరమున చూచితిని. సరుగుడు కఱ్ఱలను మిల్లునకు తోలు ఒక లారీయజమాని మా అడితి యెదుటనే కాపురముండెడివాడు. మిల్లు కొనుట నిలిపిన మూడవ నెలలో అప్పిచ్చిన సంస్థవారు వచ్చి లారీని పట్టుకొనిపోయిరి. నాలుగవ నెలలో మిల్లు మరల కొన మొదలుపెట్టినది. అప్పటికి తోలుటకు లారీ లేదు. అతడు అసమర్థుడు కాడు, బావగారూ. ఒక్క నెల ముందుగా ఓడిపోయినాడు. ఆపద్ధనమనునది ఆ ఒక్క నెలకు కావలసినది.

ఈ మాటలు చెప్పునప్పుడు వర్తకుని కంఠము కొంచెము బరువెక్కినది. అధికారియు కొంతసేపు మాటాడక, కారు కిటికీనుండి అడవిని చూచుచు కూర్చుండెను. పిమ్మట రెండవ ప్రశ్నకు వచ్చెను.

ఖజానాధికారి: మంచిది, ఎందులకను ప్రశ్నకు మీ సమాధానము సగమైనను నన్నొప్పించినది. ఇక ఎవరికి? ఆపదలో నిజముగా నష్టపడువాడు చెట్టు కలవాడు గదా. గాలివాన చెట్టును కూల్చిన, భూస్వామి ముప్పదియేండ్ల సొమ్ము నేలపాలగును. కోతవానికో, కూలిన చెట్లను తొలగించు పని దొరకును. భూస్వామికి సాయము చేసిన ఆ ధనమే కూలియై కోతవానికి చేరును. అట్లుండగా వేఱుగ నిచ్చుటయేల?

కలపవర్తకుడు: ఈ దేశపు శాసనములును మీవలెనే తలచినవి, అందులోనే నా యభ్యంతరము. 2018 అక్టోబరు 10వ తేదీన మైకేల్ అను తుపాను గంటకు 160 మైళ్ల గాలితో ఫ్లారిడా రాష్ట్రపు వాయవ్యభాగమున మెక్సికో బీచ్ అను ఊరివద్ద తీరము దాటినది. ఆ యొక్క రాష్ట్రమున 28 లక్షల ఎకరముల అడవి దెబ్బతిన్నది; పోయిన కలప విలువ 130 కోట్ల డాలర్లని లెక్కవేసిరి. కూలిన దేవదారు జాతి చెట్టు ఎన్నాళ్లు నిలుచును? కొన్ని నెలలలోనే బూజు పట్టి కఱ్ఱ నీలివన్నె కెక్కును, పురుగు తొలుచును. ఆ పిమ్మట అది పలకకు పనికిరాదు. కనుక అందఱు కోతవారును ఒక్కమాఱే పనిలో దిగిరి. మిల్లులు అంత సరకును మ్రింగలేక వాకిళ్లు మూసికొన్నవి, ధర పడిపోయినది. అట్లయ్యు కొన్ని నెలలు పని దొరకినమాట నిజమే. ఆ తరువాతనో? ఆ దక్షిణప్రాంతమున చెట్టు నాటిననాటినుండి కోతకు వచ్చుటకు పాతికయేండ్లకు తక్కువ పట్టదు. ఇరువదియేండ్లు మెల్లమెల్లగా చేయవలసిన పని ఒక్కదినమున నేలకొరిగినది. భూస్వామికి మరల నాటుకొనుటకు ఖర్చులో నూటికి 75 పాళ్లవఱకు ఇచ్చు అటవీ పునరుద్ధరణ పథకము కలదు. ఫ్లారిడాకు ప్రత్యేకముగా కోట్లకొలది డాలర్ల సాయమును వచ్చినది. అతడు నాటిన మొక్క చెట్టగువఱకు కోతవాడు వాయిదాలు దేనితో కట్టవలెను? శాసనము చెట్టు మొదలున నున్న భూమిని చూచినది గాని, ఆ మొదలుచుట్టు తిరుగు మనుష్యుని చూడలేదు. పంట పోయిన భూస్వామికి నష్టపరిహారమిచ్చి, ఆ పొలమున కూలిచేసినవానిని మఱచుట మనదేశమునను క్రొత్తదికాదు. ఇచ్చటను అదియే.

ఖజానాధికారి: కూలివాని మాట మీరే యెత్తితిరి గనుక అడుగుచున్నాను. 2020 డిసెంబరున కేటాయించి 2021లో పంచిన ఆ 20 కోట్ల సాయము ఎవరికి పోయినది? యజమానికి. లారీ తోలినవానికి, రంపము పట్టినవానికి అందులో ఇంత ముట్టవలెనను నిబంధన యేది? మీరు భూస్వామికన్న ఒక్కమెట్టు దిగి గుత్తదారువద్ద నిలిచిపోయితిరి. కూలివాడింకను క్రిందనే యున్నాడు.

కలపవర్తకుడు: ఈ మాటకు నాయొద్ద ఎదురుమాట లేదు, బావగారూ. ఈ దేశమున 2021లో లక్షమంది పనివారికి పనిలో మరణించినవారు సగటున 3.6 కాగా, కలపకోతలో ఆ సంఖ్య 82.2. అంతటి ప్రాణాపాయము నెత్తికెత్తుకొనువాడు కూలివాడే. సాయమునందు అతని పేరు వేఱుగ వ్రాయబడకపోవుట లోపమే. అయినను యజమాని నిలిచిననే గదా అతనికి పని? చిన్న ఊళ్లలో గుత్తదారు సైతము తన కూలివారితో సమానముగా తెల్లవాఱుజాము మూడింటికి లేచి అడవికి పోవువాడే. యజమాని యనగానే మేడలో కూర్చుండువానిని తలపోయకుడు.

మధ్యాహ్నమునకు సరస్సులవద్దకు చేరితిమి. నీరు అద్దమువలె నిశ్చలముగా నుండెను. అవతలి యొడ్డున కోసిన చోట లేతమొక్కలును, కోయని చోట ముదురు చెట్లును మడులవలె కనబడుచుండెను. అధికారి ఆ మడులను చూపుచు మాటాడెను.

ఖజానాధికారి: ఇదియు నా శంకయే. అడవిని కాపాడుటకు ఒక శాఖ ధనము వెచ్చించుచుండ, అడవిని నఱకువానికి మఱియొక శాఖ ధనమిచ్చుట పరస్పరవిరుద్ధము కాదా? గిరాకి తగ్గినప్పుడు నఱకుట తగ్గుట అడవికి విశ్రాంతి గదా.

కలపవర్తకుడు: అడవికి విశ్రాంతి కావలెను గాని అనాదరము కూడదు. పడమటి రాష్ట్రములలో దశాబ్దములుగా పలుచన చేయక వదలిన అడవులు దట్టమై, ఎండి, కార్చిచ్చులకు ఆహుతియగుచున్నవి. 2022 జనవరిలో ఈ దేశపు అటవీశాఖ పదియేండ్ల ప్రణాళిక యొకటి ప్రకటించి, జాతీయారణ్యములలో అదనముగా 2 కోట్ల ఎకరములను, ఇతరభూములలో 3 కోట్ల ఎకరములను పలుచన చేయుట, నిప్పు ముదరకుండ శుభ్రపఱచుట మొదలగు పనులు చేయింప తలపెట్టినది. ఆ పని చేయువారెవరు? ఈ కోతవారే. తుపాను పిమ్మట దారుల కడ్డముగా పడిన చెట్లను తొలగించునదియు వీరే. వీరు ఒక్కమాఱు యంత్రములు అమ్ముకొని పట్టణములకు పోయిన, ఆపదనాడు పిలిచినంతనే వచ్చువారు కారు. ఏ చెట్టు ఎటు ఒరుగునో చూచినంతనే చెప్పగల కంటికి ఏండ్ల అభ్యాసము కావలెను. నూయి ఎండినదని పూడ్చివేసినవానికి వానకాలమున నీరెక్కడిది?

ఖజానాధికారి: సరే. మూడవది, ఎంత? ఇచ్చటనే లెక్క తప్పినదని నా దృఢనిశ్చయము. 2019లో జనవరి 1 మొదలు డిసెంబరు 1 వఱకు వచ్చిన స్థూలాదాయమును 2020లో అదే కాలమున వచ్చినదానితో పోల్చి, నూటికి 10 పాళ్లైనను తగ్గియుండవలెనట; ఆదాయమున సగమైనను కోతనుండి గాని రవాణానుండి గాని వచ్చియుండవలెనట; తగ్గినదానిలో నూటికి 80 పాళ్లు లెక్కగట్టి, ఒక్కొక్కరికి 1,25,000 డాలర్లు మించకుండ నిత్తురట. స్థూలాదాయమేల? యంత్రము నిలిచిననాడు డీజిలు ఖర్చును నిలిచినది. ఆ మిగులును తీసివేయక పరిహారము లెక్కించిన కొందఱికి నష్టమునకు మించి ముట్టును. మఱియు నూటికి 10 పాళ్లు నష్టపడినవాడు అర్హుడు; 9 పాళ్లు నష్టపడినవాడు ఒట్టిచేతులతో మరలును. ఒక్క పాలు తేడాకు ఒకనికి నిండుకుండ, వేఱొకనికి ఖాళీకుండ.

కలపవర్తకుడు: గీత యెచ్చట గీచినను దానికి ఆవలివాడు ఏడ్చును, బావగారూ. స్థూలాదాయమును ఎన్నుకొనుట త్వరకొఱకు. చిన్నవాని పుస్తకములలో నికరాదాయమును తేల్చుటకు కూర్చున్న, లెక్క తేలునప్పటికి అతడు తేలడు.

ఖజానాధికారి: త్వరయనుచున్నారా? అదియే నా నాలుగవ ప్రశ్నకు తోవ చూపుచున్నది. మిల్లులు నిలిచినది 2020 వసంతమున, వేసవిలో. శాసనము వచ్చినది ఆ యేటి చివఱ. దరఖాస్తులు తీసికొన్నది 2021 జూలై 22 మొదలు అక్టోబరు 15 వఱకు. తొలుత ఇచ్చినది 2,000 డాలర్లకు మించని చిన్న విడత. తక్కినది గడువు ముగిసిన పిమ్మట, మిగిలిన నిధినిబట్టి. ఒక్క నెల ఆలస్యమైనందున మీ లారీయజమాని ఓడిపోయెనంటిరే. ఏడాది దాటిన పిమ్మట వచ్చిన యీ ధనము అతనివంటివానిని ఎట్లు రక్షించినది? లారీ పోయినవానికి చేరకమునుపే లారీ నిలుపుకొన్నవానికి చేరిన సాయము, ఆపన్నునికన్న అదృష్టవంతునికే ఎక్కువ ఉపకరించును. నేను క్రమము తప్పినదనుట ఇందులకే.

వర్తకుడు చాలసేపు తలవంచుకొని యుండెను. ఎంత కఠినమైనను అది తన వాదములోని బలమునే తీసికొని తనకెదురుగా నిలిపిన మాటయని ఆయన గ్రహించినట్లు తోచినది.

కలపవర్తకుడు: నిజము. ఆ మాట నేనే యనవలసినది. ఆలస్యముగా వచ్చిన సాయము పరామర్శయగును గాని రక్షణ కానేరదు.

ఖజానాధికారి: ఇంకొక్కటి. ఆపదకును అంత్యదశకును భేదము చూడవలెను. ఈ మెయిన్ రాష్ట్రమున బక్స్‌పోర్ట్ మిల్లు 2014లో మూతపడినది. మాడిసన్ మిల్లు 2016లో మూతపడినది. అప్పుడు మహమ్మారి లేదు. మనుష్యులు కాగితము చదువుట తగ్గించిరి, అంతే. తుపాను వంటి ఆకస్మికవిపత్తునకు సాయము ధర్మము. కాలగతిచే క్షీణించుచున్న వ్యాపారమునకు ఏటేట ఆపద్ధనమను పేర ధనము పోయుట, ఎండిన కొమ్మకు నీరు పోయుట. అది కోతవానికి ఆశజూపి యింకొక యంత్రము అప్పుపై కొనిపించును. కడకు ఆ యప్పే అతనిని ముంచును.

కలపవర్తకుడు: ఆ భేదమును నేను ఒప్పుకొందును. మన కాగజ్‌నగరములో సిర్పూరు మిల్లు 2014లో ఆగినది. రాష్ట్రప్రభుత్వము రాయితీలిచ్చి చేయూతనీయగా 2018లో క్రొత్త యాజమాన్యముక్రింద తిరిగి నడచినది. మిల్లునకు మరల ప్రాణము పోయవచ్చును. ఆ నాలుగేండ్ల నడుమ చితికిన కాపురములకు పోయువారెవరు? మిల్లు తిరుగదని తెలిసినచోట కోతవానికి వేఱుపని నేర్పుటకు, యంత్రపు అప్పు తీర్చి గౌరవముగా తప్పుకొనుటకు సాయము చేయుడు. తిరుగునని తెలిసినచోట నిలుచుటకు సాయము చేయుడు. రెండును సాయమే. ఏమియు చేయక మార్కెట్టు తీర్పు అనుట మాత్రము నాకు సమ్మతము కాదు.

ఖజానాధికారి: అట్లయిన మనకు పెద్ద భేదము లేదు. విపత్తు వచ్చిన పిమ్మట శాసనసభ దయ తలచి నిధి కేటాయించుట, కార్యాలయము నియమములు వ్రాయుట, దరఖాస్తులు పిలుచుట, ఇదంతయు ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే. విపత్తుకు ముందే నియమము వ్రాసియుండవలెను: ఏది విపత్తు, ఎవడు అర్హుడు, కూలివాని పాలెంత, ఎన్ని దినములలో ముట్టవలెను. మంచికాలమున కోతవాడు టన్నుకింతయని కొంచెము చెల్లించి ఆ నిధిలో తానును భాగస్వామి కావలెను. అప్పుడతడు యాచకుడు కాడు, హక్కుదారు. నా ఖజానా పెట్టె తాళము అట్టివానికి ఆనందముగా తీయుదును.

కలపవర్తకుడు: ఆ కొంచెమును చెల్లించుటకు అడవిలోనివాడు వెనుదీయడు, బావగారూ. తనను లెక్కలో చేర్చుకొందురా యనియే అతని ప్రశ్న.

సూర్యుడు వ్రాలినాడు. తిరుగుదారిలో మరల జే ఊరిమీదుగనే వచ్చితిమి. ఇరువురి మాటలను మనస్సున తూచుకొనగా నాకు తోచినదిది: సాయము చేయవలెనను విషయమున వర్తకుడు గెలిచెను, ఎట్లు చేయవలెనను విషయమున అధికారి గెలిచెను. చెట్టు యజమానినే గాక చెట్టు కోయువానిని, మోయువానిని, వారి కూలిని గూడ ఆపన్నులుగా నెంచుట ప్రభుత్వపు ధర్మము. ఆ ధర్మమును ఆపద వచ్చిన పిమ్మట గాక రాకమునుపే శాసనమున వ్రాసియుంచుట దాని క్రమము. ఈ దేశమున రైతునకు కేంద్రప్రభుత్వపు పంటబీమా 1938వ సంవత్సరమున ఏర్పడినది. అడవిలో రంపము పట్టువానికి, దుంగలు తోలువానికి అట్టి బీమా నేటికిని లేదు.